కోతి విచారణ జరిగిన కౌంటీ ఏం తిని బతికింది?

మన శిక్షణా తరగతుల్లో నేను చాలా ఏళ్ళుగా చెబుతూ వచ్చిన కథ ఒకటుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, డేటన్ అనే చిన్న ఊరు, 1925వ సంవత్సరం. జాన్ స్కోప్స్ అనే కుర్ర మాష్టారు పిల్లలకు డార్విన్ పరిణామ సిద్ధాంతం చెప్పాడు. మతఛాందసులైన ఊరి జనం ఆయన మీద విరుచుకుపడి జైల్లో పెట్టించారు. క్లారెన్స్ డారో అనే అజ్ఞేయవాది లాయరు వచ్చి, విలియం జెన్నింగ్స్ బ్రయాన్ అనే మతవాద నాయకుణ్ణి బోనెక్కించి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి నీరు కార్చేశాడు. అదే 'కోతి విచారణ'. కథ పూర్తవగానే చప్పట్లు పడేవి.

నాలుగేళ్ళ క్రితం ఒక తరగతిలో పదో తరగతి చదివే అమ్మాయి లేచి, "ఆ మాష్టారు ఎన్నాళ్ళు జైల్లో ఉన్నారండీ?" అని అడిగింది. "కొన్ని నెలలు ఉండి ఉంటారమ్మా" అన్నాను. "మరి ఆ ఊళ్ళో వాళ్ళు ఏం పని చేసేవాళ్ళు?" అని ఇంకోటి అడిగింది. తెలియదన్నాను. రెండోదానికి మాత్రం నిజమే చెప్పాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, స్కోప్స్ ఒక్క రోజు కూడా జైల్లో లేడు. ఆయనకు పడిన శిక్ష 100 డాలర్ల జరిమానా. నేను చెబుతూ వచ్చింది 1955లో వచ్చిన 'ఇన్‌హెరిట్ ద విండ్' అనే నాటకం, 1960లో దాన్ని తీసిన సినిమా. ఆ నాటకం రాసినవాళ్ళు ఇది చరిత్ర కాదని ముందుమాటలోనే చెప్పుకున్నారు. ఆధారం లేకుండా ఏదీ నమ్మొద్దని పిల్లలకు చెప్పే తరగతిలో ఆధారం చూసుకోకుండా చెప్పినవాణ్ణి నేను.

అప్పట్నుంచి ఆ అమ్మాయి రెండో ప్రశ్న పట్టుకుని చదువుతూ వచ్చాను. తేలిన సంగతులు ఇవి.

డేటన్ అనేది రే కౌంటీకి ముఖ్యపట్టణం. కౌంటీ అంటే మన జిల్లాలాంటి పాలనా విభాగమే గానీ ఇది మరీ చిన్నది. మన రెండు మూడు మండలాలంత నేల, 2020 జనాభా లెక్కల్లో 32,870 మంది. చట్టనూగా నగరానికి ఉత్తరాన అరవై కిలోమీటర్ల దూరం. పడమట వాల్డెన్ రిడ్జ్ అనే కొండవరస, తూర్పున టెనెసీ నది, మధ్యలో లోయ. 1807లో కౌంటీ ఏర్పడింది. నదికి అవతలి నేల చెరోకీ తెగవాళ్ళది. 1838లో ప్రభుత్వం వాళ్ళను పడమటికి వెళ్ళగొట్టినప్పుడు వేలాది మంది బ్లైత్ రేవు దగ్గర నది దాటి ఈ కౌంటీ నేల మీదుగానే నడిచి వెళ్ళారు. దారిలో ఎంతమంది చచ్చిపోయారో లెక్క నేటికీ తేలలేదు. బైబిలుకు అవమానం జరిగిందని కోర్టుకెక్కిన నేల మీద అంతకుముందు జరిగిన ఈ పాపానికి ఏ విచారణా జరగలేదు.

1880లో రైలు వచ్చింది. కొండలో బొగ్గుంది, పక్కనే ఇనుప ఖనిజం ఉంది. ఇంగ్లండ్ పెట్టుబడితో డేటన్ కోల్ అండ్ ఐరన్ కంపెనీ వెలిసింది. అప్పటిదాకా నాలుగు రోడ్ల కూడలిగా ఉన్న చోటు పట్టణమైంది. 1890లో కౌంటీ కచేరీని కూడా పాత ఊరి నుంచి ఇక్కడికి మార్చేశారు. మూడంతస్తుల ఎర్ర ఇటుకల కోర్టు భవనం లేచింది. తర్వాత ప్రపంచం చూసింది ఈ భవనాన్నే.

ఇక ఆ బొగ్గు గనుల సంగతి. 1895లో ఒకసారి, 1901లో ఒకసారి, 1902లో ఇంకోసారి పేలుళ్ళు జరిగాయి. ఏడేళ్ళలో మూడు పేలుళ్ళు, అరవై మందికి పైగా చనిపోయారు. సింగరేణి ప్రాంతం వాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పొద్దున దిగిన మనిషి సాయంత్రం పైకి వస్తాడో లేదో తెలియని బతుకులో జనం దేవుణ్ణి ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటారో, చర్చి ఎందుకు ఇంటికంటే పెద్దదవుతుందో అర్థం చేసుకోవడానికి మతగ్రంథం తెరవాల్సిన పని లేదు. గనికి దిగే నిచ్చెన చూస్తే చాలు. ఆ రోజుల్లో అక్కడ ప్రావిడెంట్ ఫండు లేదు, ఇన్సూరెన్సు లేదు. మగవాడు పోతే ఇంటికి బియ్యం, అదే వాళ్ళ మొక్కజొన్న పిండి, తెచ్చిచ్చేది చర్చివాళ్ళే.

1910ల్లో కంపెనీ దివాలా తీసి కొలుములు ఆరిపోయాయి. మూడువేల మంది ఉన్న ఊళ్ళో 1925 నాటికి సుమారు 1,800 మంది మిగిలారు. మిగిలినవాళ్ళకు చిన్న చిన్న కమతాలు, స్ట్రాబెర్రీ తోటలు, కొద్దిగా కలప పని, ఒక మేజోళ్ళ మిల్లు. స్ట్రాబెర్రీ కోతకొచ్చిన నాలుగు వారాలు మాత్రం డబ్బు కనిపించేది. మిగతా ఏడాదంతా దుకాణంలో ఖాతా.

అమ్మాయి రెండో ప్రశ్నకు జవాబు ఇదే. ఈ జవాబు తెలిశాక మొదటి కథ మొత్తం తలకిందులైంది.

మొదట చట్టం సంగతి చూద్దాం. బైబిలు చెప్పిన సృష్టిని కాదని మనిషి కిందిజాతి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో చెప్పకూడదు అన్న బట్లర్ చట్టం రే కౌంటీ చేసింది కాదు. దాన్ని ప్రతిపాదించిన బట్లర్ అనే రైతు శాసనసభ్యుడు మేకన్ కౌంటీవాడు. అసలు 1925లోనే ఈ గొడవ ఎందుకు వచ్చింది? డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో కదా! కారణం హైస్కూళ్ళు. 1910లో టెనెసీ మొత్తంలో హైస్కూలు చదివే పిల్లలు పదివేల లోపు. 1925 నాటికి యాభై వేలు దాటారు. రైతు కొడుకు బడికి వెళ్ళనన్నాళ్ళు పాఠ్యపుస్తకంలో ఏముందో రైతుకు పట్టలేదు. వెళ్ళడం మొదలయ్యాక పట్టింది. గవర్నరు ఆస్టిన్ పే ఛాందసుడేమీ కాదు. పల్లెబడులకు ఎనిమిది నెలల చదువు, రాష్ట్ర నిధులు అంటూ పెద్ద విద్యా చట్టం తెస్తున్నాడు. పల్లె శాసనసభ్యుల ఓట్లు కావాలి. బట్లర్ చట్టం మీద సంతకం పెట్టేశాడు. దాన్ని ఎవరూ అమలు చేయరులే అనుకున్నాడు. చదువు కోసం చదువును తాకట్టు పెట్టడం అంటే ఇదే. మన నాయకులూ ఇలాంటి బేరాలు చేస్తూనే ఉన్నారు కాబట్టి ఆయన్ని మరీ తిట్టలేను.

ఆ చట్టాన్ని కోర్టులో సవాలు చేయడానికి ముందుకొచ్చే టీచరుకు ఖర్చులు భరిస్తామని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ ప్రకటించింది. మే నెల మొదట్లో ఆ వార్త చట్టనూగా పత్రికలో పడింది. డేటన్‌లో రాబిన్సన్ మందుల దుకాణం ఉంది. మందులతో పాటు సోడాలు, బడి పుస్తకాలు కూడా అమ్మేవాడు. దుకాణదారు రాబిన్సన్ కౌంటీ స్కూలు బోర్డు చైర్మన్ కూడా. మూతపడిన బొగ్గు కంపెనీ మిగిలిన ఆస్తులు చూసుకునే రాపిలే అనే మేనేజరు ఆ పేపరు పట్టుకుని అక్కడికి వచ్చాడు. కేసు మన ఊళ్ళో పెట్టిద్దాం, దేశమంతా ఇటు చూస్తుంది, హోటళ్ళు నిండుతాయి, ఊరు మళ్ళీ లేస్తుంది! దుకాణంలో బల్ల చుట్టూ కూర్చున్న ఊరి పెద్దలకు ఈ ఆలోచన నచ్చింది. టెన్నిస్ ఆడుకుంటున్న స్కోప్స్‌ను పిలిపించారు. అతనికి 24 ఏళ్ళు, పెళ్ళి కాలేదు, ఉద్యోగంలో చేరి ఏడాది. ఫుట్‌బాల్ కోచి, సైన్సు చెబుతాడు. జీవశాస్త్రం చెప్పే మాష్టారు జబ్బుపడితే కొద్దిరోజులు ఆ క్లాసు చూశాడు, అంతే. పరిణామం పాఠం తను చెప్పాడో లేదో అతనికే గుర్తులేదు. సరే, నిలబడతానన్నాడు. వెళ్ళి మళ్ళీ టెన్నిస్ ఆడుకున్నాడు.

అంటే, పాఠకులారా, ఆ కేసు మతోన్మాదుల దాడి కాదు. బేరం పోయిన ఊరి వర్తకులు వేసిన ఎత్తు. ముద్దాయి వాళ్ళవాడు, వాది వాళ్ళవాడు, పాఠ్యపుస్తకం అమ్మింది కూడా వాళ్ళే. 'అన్ని ఊళ్ళూ ఉండగా డేటనే ఎందుకు?' అని ఒక చిన్న పుస్తకం అచ్చువేసి అమ్మారు కూడా.

ఆ పాఠ్యపుస్తకం గురించి ఇంకో మాట చెప్పకపోతే మళ్ళీ పాత తప్పే చేసినవాణ్ణవుతాను. హంటర్ రాసిన 'సివిక్ బయాలజీ', 1914 ప్రచురణ. రాష్ట్రం ఆమోదించిన పుస్తకమే. అందులో పరిణామం గురించిన పేజీల దగ్గర్లోనే మనుషుల్ని ఐదు జాతులుగా విడగొట్టి తెల్లవాళ్ళను అన్నిటికంటే పైన కూర్చోబెట్టాడు. మతిలేనివాళ్ళ, నేరస్తుల కుటుంబాలు సమాజానికి పరాన్నజీవులనీ, వాళ్ళు పిల్లల్ని కనకుండా చూడాలనీ రాశాడు. అది ఆనాటి 'సైన్సు'. మనం స్కోప్స్ చేతిలో ఉంచి ఊరేగించిన పుస్తకంలో ఇదీ ఉంది. తప్పని తర్వాత చూపించింది కూడా సైన్సే అన్నది నిజం. కానీ 1925లో ఆ పేజీలను చూసి భయపడినవాడు బుద్ధిహీనుడని అనలేం.

బ్రయాన్ భయపడినవాటిలో అదీ ఒకటి. బలవంతుడే మిగలాలన్న సిద్ధాంతం యుద్ధాలకూ ధనికుల దోపిడీకీ సాకు అవుతోందని ఆయన వాదించేవాడు. మూడుసార్లు డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి. రైతుల పక్షం, స్త్రీల ఓటు హక్కు పక్షం. 1906లో మన దేశం చూసి వెళ్ళి బ్రిటిష్ పాలనను ఎండగడుతూ వ్యాసం రాశాడు. దాన్ని గదర్ పార్టీవాళ్ళు అచ్చువేసి పంచారు. ఇవేవీ నా కథలో లేవు. నా కథలో ఆయన చెమటలు కక్కే ముసలాయన మాత్రమే. జీవశాస్త్రంలో ఆయన వాదన తప్పే, అందులో రాజీ లేదు. కానీ సృష్టి జరిగిన ఆరు రోజులూ ఇరవైనాలుగు గంటల రోజులే కానక్కర్లేదని డారో ప్రశ్నలకు ఒప్పుకున్నది కూడా ఆయనే.

విచారణ జులై 10 నుంచి 21 వరకు జరిగింది. రేడియోలో దేశమంతా విన్న మొదటి విచారణ అదే. వీధుల్లో తినుబండారాల బళ్ళు, కోతి బొమ్మలు, సూటు తొడిగిన చింపాంజీ ఒకటి. వర్తకులు ఆశించినంత జనం మాత్రం రాలేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల రైతులు. వాళ్ళ దగ్గర ఖర్చుపెట్టడానికి ఏముంది! బాల్టిమోర్ పత్రిక నుంచి వచ్చిన మెంకెన్ ఆ జనాన్ని మొద్దులుగా చిత్రించి రాసిన వార్తలే ప్రపంచానికి డేటన్ బొమ్మ అయ్యాయి. ఊరు తను అనుకున్నదానికంటే ముచ్చటగా ఉందని ఆయనే ఒకచోట రాశాడు. అది ఎవరికీ గుర్తులేదు. బ్రయాన్‌ను డారో ప్రశ్నించిన రోజుకు ముందే మెంకెన్ ఊరు వదిలి వెళ్ళిపోయాడు! జ్యూరీ తొమ్మిది నిమిషాల్లో దోషి అంది. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు జరిమానా జడ్జి కాకుండా జ్యూరీ వేయాల్సింది అన్న సాంకేతిక కారణంతో శిక్ష కొట్టేసి, చట్టాన్ని మాత్రం అలాగే ఉంచింది. అది రద్దయింది 1967లో. మనం గెలిచామని చెప్పుకునే కేసు తర్వాత నలభై రెండేళ్ళు ఆ చట్టం బతికే ఉంది. హంటర్ పుస్తకం కొత్త ముద్రణలో 'పరిణామం' అన్న మాటే దాదాపు మాయమైంది.

తీర్పు వచ్చిన ఐదు రోజులకు బ్రయాన్ డేటన్‌లోనే మధ్యాహ్నం నిద్రలో పోయాడు. ఆయన పేరు మీద 1930లో ఒక క్రైస్తవ కాలేజీ తెరిచారు. మొదటి తరగతులు ఎక్కడ జరిగాయో తెలుసా? స్కోప్స్ పాఠాలు చెప్పిన పాత హైస్కూలు భవనంలో.

విలేకరులు వెళ్ళిపోయాక కౌంటీ గురించి ఎవరూ రాయలేదు. అసలు కథ అక్కడుంది. 1933లో రూజ్‌వెల్ట్ టెనెసీ లోయ అథారిటీని ఏర్పాటు చేశాడు. అప్పటికి ఆ లోయ పల్లెల్లో వందకు మూడు వ్యవసాయ కుటుంబాలకే కరెంటు. కొన్ని చోట్ల మూడోవంతు జనానికి మలేరియా. 1940లో చికమాగా డ్యామ్, 1942లో వాట్స్ బార్ డ్యామ్ వచ్చాయి. కరెంటు వచ్చింది. జలాశయంలో నీటిమట్టాన్ని లెక్క ప్రకారం పెంచుతూ తగ్గిస్తూ దోమ పిల్లల్ని ఒడ్డున ఎండగట్టారు. మలేరియా పోయింది. ప్రార్థనతో పోని జ్వరం తూము తలుపులు ఎత్తి దించితే పోయింది. ఈ నమూనా చూసే మన దామోదర్ లోయ కార్పొరేషన్ 1948లో వచ్చింది. ఇంకో విశేషం. రే స్ప్రింగ్స్ అని కౌంటీలో ఒక ఊరుండేది. అక్కడి ఊట నీళ్ళు తాగితే రోగాలు నయమవుతాయని దూరదేశాల నుంచి వచ్చి హోటళ్ళలో దిగేవారు. వాట్స్ బార్ జలాశయంలో ఆ ఊరు ఊటతో సహా మునిగిపోయింది. హేతువాదిగా నవ్వొచ్చిన మాట నిజమే, కానీ ఇళ్ళు పోయిన కుటుంబాలను తలుచుకుంటే శ్రీశైలం ముంపు గ్రామాలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఆ డ్యామ్ పక్కనే వాట్స్ బార్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. 1973లో పని మొదలైంది. మొదటి రియాక్టరు 1996లో, రెండోది 2016లో ఉత్పత్తిలోకి వచ్చాయి. కౌంటీలో మంచి జీతాలిచ్చే ఉద్యోగాల్లో ఇవి ముఖ్యమైనవి. రియాక్టరును ఆపేశాక కూడా ఇంధనం ఎంత వేడి పుట్టిస్తుందో లెక్కగట్టే పరమాణు శాస్త్రమే, యురేనియం-238 సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుందనీ, భూమి వయసు అంతకు కాస్త ఎక్కువేననీ చెబుతుంది. ఆ శాస్త్రంలో ఒక సగం జీతం ఇస్తుంది, రెండో సగం నమ్మకాన్ని ఇబ్బంది పెడుతుంది. మొదటి సగం తీసుకుని రెండోదాన్ని బయట వదిలేయడం వాళ్ళొక్కరి అలవాటు కాదు. శ్రీహరికోటలో రాకెట్ ఎగరబోయే ముందు దాని నమూనా తిరుమల వెళ్ళి వస్తుంది కదా.

ఇక ఇటీవలి సంగతులు. 1951 నుంచి బ్రయాన్ కాలేజీ విద్యార్థులు వారానికి అరగంట కౌంటీ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో బైబిలు పాఠాలు చెప్పేవారు. యాభై ఏళ్ళు ఎవరూ కిమ్మనలేదు. 2001లో ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు కేసు వేశారు. 2002లో ఫెడరల్ జడ్జి అలన్ ఎడ్గర్ అది రాజ్యాంగ విరుద్ధమన్నాడు, 2004లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. ఆ కుటుంబం తమ పేరు బయటపెట్టవద్దని కోరింది, కోర్టు ఒప్పుకుంది. 1925లో స్కోప్స్ తన సొంత పేరుతో నిలబడి, ఊరివాళ్ళతో నవ్వుతూ ఫొటోలు దిగాడు. మూడు తరాల తర్వాత అదే కౌంటీలో ఒక తండ్రి పేరు దాచుకోవలసి వచ్చింది! ఛాందసం పాత రోజుల్లోనే ఎక్కువ, కాలం గడిస్తే దానంతటదే తగ్గుతుంది అనుకునే మన మిత్రులు ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

అదే 2004 మార్చి 16న కౌంటీ కమిషనర్లు, స్వలింగ సంపర్కుల మీద కేసులు పెట్టే అధికారం కోరుతూ 8-0 ఓట్లతో తీర్మానం చేశారు. దేశమంతా గగ్గోలెత్తితే రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. మే నెలలో డేటన్‌లో దానికి నిరసనగా కొన్ని వందల మంది జమకూడి పండగ చేసుకున్నారు. 2014లో బ్రయాన్ కాలేజీ, ఆదాము హవ్వలు అంతకుముందున్న జీవరాశి నుంచి పుట్టినవాళ్ళు కారని తన విశ్వాస ప్రకటనకు వివరణ చేర్చింది. అధ్యాపకులు అధ్యక్షుడి మీద అవిశ్వాసం ప్రకటించారు, కొందరు ఉద్యోగాలు వదిలి వెళ్ళారు. అంటే లోపల వాదన లేకపోలేదు. బయటివాళ్ళకు వినపడదు, అంతే.

ఇప్పటి బతుకు? సోఫాలు, వాలు కుర్చీలు చేసే లా-జెడ్-బాయ్ ఫ్యాక్టరీ, 2019లో తెరిచిన ఫిన్లండ్ వాళ్ళ నోకియన్ టైర్ల ఫ్యాక్టరీ, అణు కేంద్రం. ఆదాయాలు దేశ సగటు కంటే తక్కువ, డిగ్రీ చదివినవాళ్ళు ఇంకా తక్కువ. టెనెసీలో జీతం మీద ఆదాయపన్ను లేదు గానీ కూరగాయల మీద కూడా అమ్మకం పన్ను ఉంది, కాబట్టి పేదవాడి మీద భారం ఎక్కువ. పేదలకు ప్రభుత్వ వైద్య బీమా విస్తరించడానికి 2014 నుంచి కేంద్ర నిధులు అందుబాటులో ఉన్నా ఆ రాష్ట్రం తీసుకోలేదు. ఒంట్లో బాగాలేకపోతే మొదట ఇంటికి వచ్చేది ఈనాటికీ చర్చివాళ్ళే. మన సంఘాల తరఫున మనం ఎవరింటికైనా అలా అన్నం గిన్నె పట్టుకెళ్ళామా అని ఆలోచిస్తే నాకు గుర్తొచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

దూరపు కొండల్లో వెనకబాటుతనమని తీసిపారేద్దామంటే, 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్సు కాంగ్రెసులో దశావతారాలు డార్విన్ కంటే మెరుగైన సిద్ధాంతమని చెప్పింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. వీళ్ళలో ఎవరూ బొగ్గు గనిలోకి దిగి వచ్చినవాళ్ళు కారు, ఎవరికీ దుకాణంలో ఖాతా బాకీ లేదు.

డేటన్ కోర్టు భవనం ముందు 2005లో బ్రయాన్ విగ్రహం పెట్టారు. డారో విగ్రహం 2017లో వచ్చింది, దాన్ని వద్దన్నవాళ్ళు నిరసన తెలిపారు. ఇప్పుడు రెండూ ఆ పచ్చిక మీదే నిలబడి ఉన్నాయి. ఏటా జులైలో అదే కోర్టు గదిలో విచారణను నాటకంగా ఆడుతుంటారు, టిక్కెట్లు అమ్ముతారు.

నాకు ప్రశ్న వేసిన అమ్మాయి ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్న వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి జైలు సంగతి సరిదిద్దాను. "అయ్యో, దానికి ఆ ప్రశ్న అడిగినట్టే గుర్తుండదండీ, మీరేమో ఇన్నేళ్ళు పెట్టుకున్నారు" అన్నారాయన. అయినా చెప్పమన్నాను. చెప్తానన్నారు.